పత్రిక రాయవలసిన హామీపత్రం

(చెన్నై, మైలాపూరులో తెలుగు రచయితలూ, చిన్న పత్రికల నిర్వాహకులూ కలుసుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మనం కూర్చున్న ఈ మైలాపూరులోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ ఉండేది. ఆ ఇంటి పేరు చెప్పగానే చాలామందికి 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక గుర్తుకొస్తుంది. పత్రికలు నడిపేవాళ్లకు మాత్రం ముందుగా గుర్తుకు రావలసింది ఆ ఇంటాయన 1908లో బొంబాయిలో మొదలుపెట్టి 1914లో ఈ ఊరికి తెచ్చిన ఆంధ్రపత్రిక, 1924 జనవరిలో ఇక్కడే ప్రారంభించిన భారతి మాసపత్రిక. 1991లో ఆగిపోయేదాకా భారతిలో ఒక రచన అచ్చయిందంటే ఆ రచయితకు సాహిత్యలోకంలో కూర్చోవడానికి పీట వేసినట్టే ఉండేది. అంతటి పీట వేసే అధికారం చేతిలో ఉన్న పత్రిక, పీట దొరకనివాళ్లతో ఎలా నడుచుకోవాలి అన్నది నాకు ఎన్నో ఏళ్లుగా మనసులో మెదులుతున్న ప్రశ్న.

పాత పత్రికలు తిరగేసినవాళ్లకు తెలుసు, చివరి పేజీల్లో ఎక్కడో ఒక మూల చిన్న అక్షరాలతో ‘రచయితలకు సూచనలు’ అని ఉండేది. కాగితానికి ఒకవైపే రాయాలి; తిప్పి పంపడానికి సొంత చిరునామా రాసి తగిన స్టాంపులు అంటించిన కవరు జతపరచాలి; రచన తన సొంతమనీ, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదనీ, ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదనీ, మరే పత్రిక పరిశీలనలోనూ లేదనీ సంతకం చేసిన హామీపత్రం పెట్టాలి; ఎంపికలో సంపాదకులదే తుది నిర్ణయం, ఉత్తరప్రత్యుత్తరాలకు తావు లేదు. వీటిలో ఏ ఒక్కటీ అన్యాయమైన నియమం కాదు, వీటిలో చాలావాటిని నేనూ పాటిస్తున్నాను. అయితే ఇవన్నీ రచయిత పత్రికకు రాసిచ్చే హామీలు. ఆ కవరు విప్పిన తర్వాత దాన్ని ఎవరు చదువుతారు, ఎన్నాళ్లలో జవాబు ఇస్తారు, వేసుకుంటే ఏ హక్కు తీసుకుంటారు, వేసుకోకపోతే ఏమని చెబుతారు అన్న హామీని పత్రిక తన వంతుగా ఎక్కడా రాసిచ్చేది కాదు. ఇవాళ కవరు పోయి ఈమెయిలు వచ్చినా చాలా చోట్ల పరిస్థితి అదే. ఆ రెండో హామీపత్రం ఎలా ఉండాలన్నదే ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది.

నాకు ఇరవైరెండేళ్లప్పుడు టి. నగర్‌లో అద్దెగదిలో ఉంటూ ఒక కథ రాసి, హామీపత్రం మీద సంతకం పెట్టి, ఒక పత్రికకు పంపాను. ఆ పత్రిక పేరు అప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఆరు నెలలకు ఒక కార్డు రాశాను, పది నెలలకు ఇంకొకటి రాశాను, రెంటికీ జవాబు లేదు. పద్నాలుగు నెలలు గడిచాక ఇక ఆ కథ ఎక్కడో పోయిందనుకుని మరో పత్రికకు పంపితే వాళ్లు వెంటనే వేసుకున్నారు. ఆ మరుసటి నెలలోనే మొదటి పత్రిక, నాకు ఒక ముక్క రాయకుండా, అదే కథను అచ్చు వేసింది. రెండో పత్రిక సంపాదకులు నన్ను మాట తప్పినవాడి కింద జమకట్టి, ఇకమీదట మీ రచనలు పరిశీలించబోమని రాశారు. హామీపత్రం మీద సంతకం నాది కాబట్టి తప్పు నాదయింది. పద్నాలుగు నెలలు పలకకుండా ఊరుకున్నవాళ్ల సంతకం ఏ కాగితం మీదా లేదు కాబట్టి వాళ్లను అడిగేవారు లేకపోయారు. ఆ తర్వాత నాలుగేళ్లపాటు నేను ఏ పత్రికకూ ఏమీ పంపలేదు. నేను పంపకపోవడం వల్ల సాహిత్యానికి ఏదో నష్టం జరిగిందని అనను. కాని అలా చెయ్యి ముడుచుకుని కూర్చున్నవాళ్లలో నాకన్నా బాగా రాయగలిగినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

చాలా ఏళ్ల తర్వాత ఒక చిన్న త్రైమాసిక పత్రిక బాధ్యత నా మీద పడినప్పుడు, నేను మొట్టమొదట చేసిన పని ప్యారిస్ కార్నర్‌కు వెళ్లి గట్టి అట్ట వేసిన రెండు రూళ్ల పుస్తకాలు కొనడం. మొదటి పుస్తకంలో వచ్చిన ప్రతి రచనకూ ఒక వరుస సంఖ్య, వచ్చిన తేదీ, అది కథో కవితో వ్యాసమో, మొదట చదివినవారి అభిప్రాయం, రెండోసారి చదివినవారి అభిప్రాయం, నిర్ణయం, జవాబు పంపిన తేదీ ఉంటాయి. రచయిత పేరు ఉండదు. రెండో పుస్తకంలో ఆ సంఖ్యకు ఎదురుగా పేరూ చిరునామా ఉంటాయి. ఈ రెండోది ఎంపికతో ఏ సంబంధమూ లేని, మా చందా లెక్కలు చూసే ఆవిడ దగ్గర ఉంటుంది. వచ్చిన ఫైలు ముందు ఆవిడే తెరిచి, పైనా కిందా ఉన్న పేరు తీసేసి, ఫైలు పేరు మార్చి సంఖ్య పెట్టి, ఆ తర్వాతే మాకు పంపుతారు. అందినట్టు రచయితకు ఆ రోజే సంఖ్యతో సహా ఒక జవాబు వెళుతుంది. కంప్యూటర్లో చేసుకోవచ్చు కదా అని కుర్రవాళ్లు అడుగుతుంటారు, నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. నాకు పుస్తకం మీద మమకారం ఉండటానికి కారణం ఒక్కటే, ‘జవాబు పంపిన తేదీ’ అన్న గడి ఖాళీగా ఉంటే పేజీ తిప్పినప్పుడల్లా అది కంటికి గుచ్చుకుంటుంది.

ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన ఒక చిక్కు చెప్పాలి. పాతకాలపు పెద్దవాళ్లలో కొందరు ఈనాటికీ చేత్తో రాసి పంపుతారు. కొందరు పాత ‘అను’ ఫాంట్లలో, అంటే ఇవాళ అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్ పద్ధతి కానివాటిలో, టైపు చేయించి పంపుతారు. అను నుంచి యూనికోడ్‌కు మార్చినప్పుడు వత్తులు చెదిరిపోవడం, ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పడటం మీలో చాలామంది చూసే ఉంటారు. అలా చెదిరిన ప్రతిని చదివేవాడు నాలుగో వాక్యానికల్లా ‘ఈయనకు తెలుగు రాయడం రాదు’ అన్న అభిప్రాయానికి వచ్చేస్తాడు, పాపం ఆ తప్పు రాసినాయనది కాదు. అందుకని మా దగ్గర చదవడానికి ఇచ్చే ప్రతులన్నీ ఒకే ఫాంటులో, ఒకే కొలతలో, చేతిరాత ప్రతులైతే టైపు చేయించి, వత్తులు సరిచూసి ఇస్తాం. దీనికి ఖర్చవుతుంది, సమయం పడుతుంది. ఆ ఖర్చు భరించలేమనుకున్న సంచికకు రచనలు తక్కువ తీసుకుంటాం గాని, ఈ పని మాత్రం మానం.

పేరు ఎందుకు దాచాలో తెలుగువాళ్లకు పెద్దగా వివరించనక్కరలేదు. మన పేర్లలో ఇంటిపేరు ముందు నడుస్తుంది. అది కనబడగానే, మనం కోరినా కోరకపోయినా, ఊరో కులమో బంధుత్వమో మనసులో మెదులుతుంది. ‘ఫలానావారి అమ్మాయి కదూ’ అన్న మాట పెదవి దాటకపోయినా చదివే కన్ను అప్పటికే పక్కకు ఒరిగి ఉంటుంది. పేరు కింద అందుకున్న పురస్కారాల జాబితా, పేరు ముందు ఆచార్య బిరుదు ఉంటే ఇంకా ఒరుగుతుంది. నేను చూసిన సంపాదకుల్లో చెడ్డవాళ్లు బహు కొద్దిమంది. మంచివాళ్ల కన్ను కూడా ఒరుగుతుంది కాబట్టే పేరు తీసేయమంటున్నాను.

అయితే పేరు దాచినా దాగనిది ఒకటుంది. అది యాస. ‘వచ్చిండు’ అని ఉంటే తెలంగాణ, ‘వస్తాండాడు’ అని ఉంటే రాయలసీమ, ‘ఎల్తన్నాడు’ అని ఉంటే ఉత్తరాంధ్ర అని చదివేవాడికి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. తెలియడం తప్పు కాదు. కృష్ణా గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్లు మాట్లాడే తెలుగే సరైన తెలుగని, మిగిలినవి రంగు కోసం సంభాషణల్లో చల్లుకునేవని అనుకుంటూ చదవడం తప్పు. ఆ తప్పు మా బల్ల దగ్గరే జరిగింది, జరిగినది జరిగినట్టు మీకు చెప్పాలి.

చిత్తూరు జిల్లా నుంచి ఒక కథ వచ్చింది. చెన్నైలో హోటల్లో పని చేసే కొడుక్కి రాత్రి పదకొండు గంటలకు తల్లి ఫోన్ చేస్తుంది. ఆమె అడిగే మొదటి మాట ‘తింటివా నాయనా?’ అని. కథంతా ఆ మాట మీదే నడుస్తుంది, రోజూ వందమందికి వడ్డించేవాడిని ‘తిన్నావా’ అని అడిగే మనిషి ఆమె ఒక్కతే. ఆ ప్రాంతంలో ‘తింటివా’ అంటే తిన్నావా అని అర్థం. మా ప్రూఫులు చూసినాయన గుంటూరు మనిషి, ఎంతో శ్రద్ధగా పనిచేసేవాడు. ఆయన దాన్ని అచ్చుతప్పు అనుకుని, ‘టి’కి ఉన్న గుడి తీసి దీర్ఘం పెట్టి ‘తింటావా నాయనా?’ అని దిద్దాడు. చివరి ప్రూఫు నేను చూశాను, నాకూ అనుమానం రాలేదు. తిన్నావా అని ఆరా తీసే తల్లి కాస్తా, అంత దూరాన ఉండి ఫోన్లో అన్నం పెట్టబోయే తల్లిగా అచ్చయింది. కథ అంతటా ఆ మాట వచ్చిన ఆరు చోట్లా అలాగే దిద్దారు.

ఆ రచయిత్రి కోపంతో రాయలేదు. ‘మా అమ్మ అలా అనదండీ’ అని ఒక్క వాక్యం రాసింది. మరుసటి సంచికలో ఆ కథను మొదటి నుంచి చివరిదాకా మళ్లీ అచ్చు వేసి, ముందు పేజీలో క్షమాపణ చెప్పాం. ‘ఫలానా పేజీలో ఫలానా మాటను ఇలా చదువుకోగలరు’ అన్న సవరణ ఒక మూల వేస్తే సరిపోతుందని కొందరన్నారు, నేను ఒప్పుకోలేదు. అప్పటినుంచి మాండలికంలో వచ్చిన ప్రతి రచననూ చదివే ఇద్దరిలో ఒకరు ఆ మాండలికం తెలిసినవారై ఉండాలని నియమం పెట్టుకున్నాం. కృష్ణగిరి, హోసూరు వైపు నుంచి వచ్చే తెలుగు ఇంకా వేరు, దానికి మనిషిని వెతకడానికి మాకు ఒక ఏడాది పట్టింది. దొరికేదాకా ఆ రచనలను తిప్పి పంపలేదు, ఆలస్యానికి కారణం చెప్పి రచయితల అనుమతితోనే ఉంచుకున్నాం.

ఏ తెలుగు రాయదగినది అన్న తగాదా ఈ నగరానికి కొత్త కాదు. 1911లో ఇక్కడే ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలబడింది, ఎదురుగా గిడుగు రామమూర్తి గారు వ్యావహారికం కోసం నిలబడ్డారు. విద్యార్థులు పరీక్షల్లో ఏ భాషలో వ్యాసం రాయాలన్న దానిమీద మద్రాసు విశ్వవిద్యాలయంలో పెద్ద పోరే జరిగింది. గిడుగు వారి పక్షం చివరికి గెలిచింది కదా అని మనం ఊరట చెందుతాం. కాని గెలిచిన వ్యావహారికంలో ఎవరి వ్యవహారం చేరింది, ఎవరిది చేరలేదు అన్న లెక్క ప్రతి సంపాదకుడి బల్ల మీద రోజూ తేలుతూనే ఉంటుంది.

చదివే పద్ధతి గురించి కొంచెం. ఒక సాయంత్రం కూర్చుని నలభై కవితలు వరసగా చదివితే ముప్పయ్యో కవితకు అందేది మిగిలిన ఓపిక మాత్రమే. అందుచేత మేము ఒక విడతలో పదికి మించి చదవం. మొదటివారు చదివిన వరుసలో రెండోవారు చదవరు, కట్ట కలిపేసి ఇస్తాం. ఇద్దరూ తమ అభిప్రాయాన్ని రెండు మూడు వాక్యాల్లో రాసి పెట్టేదాకా ఆ రచన గురించి మాట్లాడుకోకూడదు. మన సంప్రదాయంలో పెద్దాయన ముందు నోరు విప్పితే చిన్నవాళ్లు ఆయన మాటకే తలూపుతారు. ముందే రాసి ఉంటే తలూపే అవసరం రాదు. ఇద్దరికీ పొసగకపోతే మూడోవారికి వెళుతుంది. నా సొంత అనుభవం చెబుతున్నాను, ఇద్దరూ ‘పరవాలేదు’ అన్న కథకన్నా, ఒకరు ‘వేసి తీరాలి’, ఇంకొకరు ‘వద్దే వద్దు’ అన్న కథను నేను ముందుగా చేతిలోకి తీసుకుంటాను. మా పత్రికలో చదువరులు గుర్తుపెట్టుకున్న కథలు ఎక్కువగా అక్కడినుంచే వచ్చాయి.

చెన్నైలో తెలుగు రాసేవాళ్లం ఒకరికొకరం తెలిసినవాళ్లమే. ఒకే పెళ్లిళ్లకు వెళతాం, ఒకే సభల్లో కలుస్తాం. పేరు తీసేసినా ‘ఇది ఆయన రాసిందే’ అని పోల్చుకోగలిగిన సందర్భాలు వస్తాయి. అప్పుడు ఆ సంగతి పుస్తకంలో రాసి ఆ రచన నుంచి తప్పుకోవాలి. స్నేహితుడిదైనా, శిష్యుడిదైనా, పడనివాడిదైనా అంతే. సంపాదకుడు తన కథను తన పత్రికలో వేసుకోకూడదన్నది నా పట్టుదల. ఈ మాట అన్నందుకు నామీద అలిగిన మిత్రులు ఈ సభలోనే ఉన్నారు, వారి మీద నాకున్న గౌరవంలో లోటు లేదు. సిఫారసు ఫోన్లకు నేను చెప్పే జవాబు ఒక్కటే, ‘రచన సంఖ్య నాకు తెలియదండీ, పేర్ల పుస్తకం నా దగ్గర లేదు.’ అది నిజం కూడా కావడం వల్ల చెప్పడం సులువు.

చందాకూ రచనకూ ముడి పెట్టడం గురించి మాత్రం మెత్తగా మాట్లాడలేను. ‘జీవిత చందా కట్టినవారి రచనలకు ప్రాధాన్యం’ అని బాహాటంగా రాసిన ప్రకటనలు చూశాను. పత్రిక నడపడం ఎంత కష్టమో నాకు తెలుసు. ప్రెస్సు బాకీ తీర్చడానికి చేబదుళ్లు చేసిన రోజులు నాకూ ఉన్నాయి. అయినా చోటు అమ్ముకునే పత్రిక దాన్ని వ్యాపార ప్రకటనల పేజీ అని చెప్పి అమ్ముకోవాలి. అలాగే ఉగాదికో దీపావళికో వేసే ప్రత్యేక సంచికలో ఎక్కువ పేజీలు అడిగి రాయించుకున్న ప్రసిద్ధులకే పోతాయన్నది తెలిసిన విషయమే. అందులో తప్పు లేదు. కాని మిగిలిన నాలుగు పేజీల కోసం ఊరంతటినీ రచనలు పంపమని పిలిచేటప్పుడు, మిగిలినవి నాలుగే పేజీలని పిలుపులోనే చెప్పాలి.

ఇక తిరస్కారం. మన పత్రికల్లో దీనికి అందరికీ నోటికి వచ్చిన వాక్యం ఒకటుంది. ‘స్థలాభావం వల్ల మీ రచనను ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం.’ స్థలం నిజంగా లేకపోతే ఈ వాక్యం సబబే. రచన నచ్చనప్పుడు ఇది మర్యాద వేషం వేసుకున్న అబద్ధం. దాన్ని నమ్మిన రచయిత, చోటు ఖాళీ అయినప్పుడు మళ్లీ పంపుదామని అదే కథను దాచుకుంటాడు, మూడు నెలల తర్వాత అదే కథను మళ్లీ పంపుతాడు, మళ్లీ అదే వాక్యం అందుకుంటాడు. ఇలా ఒకే కథను నాలుగుసార్లు పంపిన ఒక రిటైర్డు పోస్టుమాస్టరు గారిని నేను ఎరుగుదును. నాలుగోసారి ఆయన కవరు మీద ‘ఈసారి స్థలం ఉండగలదని ఆశిస్తూ’ అని రాశారు. ఆ కవరు చూసిన రోజున మా ఉత్తరం మాటలు మార్చాం. ఇప్పుడు రాసేది ఇంతే: ‘సంఖ్య ఫలానా గల మీ కథను ఇద్దరం వేర్వేరుగా చదివాం. మా పత్రికకు తీసుకోలేకపోతున్నాం. దీన్ని మీరు మరెక్కడికైనా పంపుకోవచ్చు.’ రెండో విడత చర్చదాకా వచ్చిన రచనలకు మాత్రం ఎక్కడ మనసు పట్టిందో, ఎక్కడ జారిందో రెండు వాక్యాలు చేరుస్తాం. అందరికీ కారణాలు రాయాలన్న కోరిక మంచిదే గాని, అది చెయ్యబోయి అందరికీ ఆలస్యం చేసిన సంచికలు మా పుస్తకంలో ఉన్నాయి.

గడువు తొంభై రోజులు. తొంభై ఒకటో రోజున మా నుంచి జవాబు లేకపోతే ఆ రచన రచయితది. మమ్మల్ని అడగకుండా, మాకు చెప్పకుండా ఎక్కడికైనా పంపుకోవచ్చని మా హామీపత్రంలో రాసి ఉంది. ‘మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అని రచయిత చేత రాయించుకునే హక్కు మనకు ఈ గడువు వల్లే వస్తుంది.

హక్కుల సంగతి క్లుప్తంగా చెబుతాను, చట్టం కొంతవరకు స్పష్టంగానే ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, పత్రికలో ఉద్యోగి కాని రచయిత రాసినదానికి హక్కుదారు రచయితే. అచ్చు వేసినంతమాత్రాన ఆ హక్కు పత్రికకు రాదు. హక్కు బదిలీ కావాలంటే రచయిత సంతకంతో రాతపూర్వకంగా ఉండాలని 19వ సెక్షను చెబుతుంది. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లనీ, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకేననీ అదే సెక్షను అంటుంది. ‘సర్వహక్కులు పత్రికవి’ అని లోపలి అట్ట మీద అచ్చు వేసుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు ఇది ఒకసారి చదవాలి. మేము ఒక్కసారి అచ్చు వేసుకునే అనుమతి అడుగుతాం, అంతకుమించి అడగం. రచయిత పరువుకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు, కాపీరైటు ఇంకొకరికి ఇచ్చేసిన తర్వాత కూడా, 57వ సెక్షను కింద రచయితకు ఉంటుంది. కాబట్టి ముగింపు కత్తిరించాలన్నా, శీర్షిక మార్చాలన్నా ప్రూఫు పంపి ఒప్పుకోలు తీసుకోవాలి. ‘మార్పులు చేర్పులు చేసే హక్కు సంపాదకులకు కలదు’ అన్న పాత వాక్యాన్ని మేము తీసేశాం. తమిళం నుంచి అనువాదాలు పంపేవారు మూల రచయిత అనుమతి పత్రం జతపరచాలి. పక్క వీధిలో ఉండే రచయితను అడగడానికి కూడా బద్ధకించిన అనువాదాలు మాకు తరచుగా వస్తాయి, వాటిని చదవకుండానే అనుమతి తెమ్మని తిప్పి పంపుతాం.

మా హామీపత్రం ప్రతులు ద్వారం దగ్గర ఉన్నాయి, ఒక పేజీకి మించి లేదు, మీ పత్రిక పేరు రాసుకుని వాడుకోవచ్చు. గడిచిన నాలుగు సంచికల మొదటి పుస్తకాన్ని ఇక్కడ ఈ బల్ల మీద పెట్టాను. ఎవరైనా తెరిచి చూడవచ్చు, ‘జవాబు పంపిన తేదీ’ గడిలో ఖాళీలు పదకొండు ఉన్నాయి, వాటి కింద ఎర్రసిరాతో గీత గీసి ఉంది. వాటిలో ఏడింటికి ఈ ఉదయం జవాబులు పంపాను, తేదీ ఇంకా ఎక్కించలేదు. మిగిలిన నాలుగూ రేపు వెళతాయి. మీలో ఎవరి దగ్గరైనా మా సంఖ్య వేసిన కాగితం ఉంటే తెచ్చి ఇందులో సరిచూసుకోండి. రెండో పుస్తకం మాత్రం ఇంటి దగ్గరే, ఆవిడ బీరువాలో ఉంది.